బొమ్మ చెదిరే గది

"నీకు టీవీ బాగుచెయ్యడం వచ్చు కదా?" అన్నాడు చీఫ్.

పిట్ట తల ఊపింది. సీక్రెట్ సర్వీస్ టెక్నికల్ విభాగంలో అందరూ ఆమెను పిట్ట అనే పిలుస్తారు. పక్కగదిలో తలుపు గట్టిగా పడినా ఉలిక్కిపడుతుందని ఎవరో పెట్టిన పేరు. వైర్‌లెస్ సెట్లు విప్పడం, బిగించడం తప్ప ఇంతవరకు ఆమె ఫీల్డ్‌లో అడుగుపెట్టలేదు.

"అయితే ఈ మధ్యాహ్నం వెళ్ళి ఒక టీవీ చూడాలి. కొత్త హెచ్‌డీ టీవీ. సీరియల్ వచ్చే వేళకి బొమ్మ ముక్కలు ముక్కలవుతోందట."

"కంపెనీ మెకానిక్ చూడడా సార్?" అని నవ్వబోయింది పిట్ట.

"చూశాడు. టీవీలో ఏ లోపమూ లేదన్నాడు. ఆ ఇల్లు మన డెస్క్ ఆఫీసర్‌ది."

నవ్వు అక్కడే ఆగిపోయింది. పరాయి దేశంలో మారుపేర్లతో ఉన్న మన ఏజెంట్ల ఫోన్లు అందుకునేది ఆ ఆఫీసరే. ఆఫీసుకు చేస్తే అనుమానం వస్తుందని వాళ్ళు ఆయన ఇంటికే చేస్తారు. మేనల్లుళ్ళలా, పాత స్నేహితుల్లా మాట్లాడతారు. ఈ నెలలో అలా ఫోన్ చేసినవాళ్ళంతా గంట తిరక్కుండా పట్టుబడ్డారు.

"ఆ హాల్లో ట్రాన్స్‌మిటర్ ఉంది," అన్నాడు చీఫ్. "టీవీ ఛానల్ పక్కనే నక్కి అక్కడి మాటలన్నీ బయటికి పంపుతోంది. పాత టీవీ ఉన్నన్నాళ్ళు తెర మీద నాలుగు చుక్కలు కనబడేవి, ఎవరూ పట్టించుకోలేదు. కొత్త టీవీ ఊరుకోవడం లేదు. ఆఫీసర్ తల్లి అంతకంటే ఊరుకోవడం లేదు. మనకి ఆ సెట్ దొరకాలి, పెట్టిన మనిషీ దొరకాలి. ముందే సోదా చేశామా, మనిషి జారిపోతుంది."

"ఈరోజే ఎందుకు సార్?"

"ఐదు గంటలకి ఇంకో ఫోన్ వస్తుంది. తను దాక్కున్న చోటు చెప్తాడు, మనవాళ్ళు వెళ్ళి తెస్తారు. ఆ నంబరు తప్ప అతనికి వేరే దారి లేదు. చెయ్యొద్దని చెప్పడానికి మనకీ దారి లేదు."

"ఎవరు సార్?"

చీఫ్ బల్ల మీద కాగితాలు సర్దాడు. సర్దినవే మళ్ళీ సర్దాడు.

"మీ అన్నయ్య."

అన్నయ్య వెళ్ళి రెండేళ్ళయింది. అమ్మ ఇప్పటికీ అతను ఓడల కంపెనీలో ఉన్నాడనే అనుకుంటోంది.

"భయపడకు. ఆ ఇంట్లో ముత్యం ఉంది. సెక్రటరీగా మనమే పెట్టాం. వీధిలో వ్యాన్‌లో ఇద్దరుంటారు. నీకిచ్చే సిగ్నల్ మీటర్ మీద ఎర్ర మీట నొక్కితే లోపలికొస్తారు."

ముత్యం పేరు వినగానే పిట్టకు ప్రాణం కుదుటపడింది. మొదటి ఏడాది తనకు కోడ్ నేర్పింది, మనిషి కళ్ళలోకి చూస్తూ అబద్ధం ఎలా ఆడాలో చూపించింది ముత్యమే.

---

నీలం చొక్కా, టోపీ, మెడలో దొంగ ఐడీ కార్డు. పిట్ట కాలింగ్ బెల్ నొక్కింది.

తలుపు తీసింది ముత్యమే. పట్టుచొక్కా, ఎత్తు మడమల చెప్పులు, భుజాన నల్లటి తోలు హ్యాండ్‌బ్యాగ్. ఆవిడ నిలబడితే ఎదురుగా ఉన్నవాళ్ళు తమ బట్టలు ఒకసారి సవరించుకుంటారు.

"ఆదివారం రమ్మన్నాం కదా?" అంది ముత్యం, ముఖంలో గుర్తుపట్టిన ఛాయైనా లేకుండా.

"ఆదివారం నిచ్చెన దొరకలేదండీ."

కోడ్ సరిపోయింది. ముత్యం కన్ను గీటి పక్కకి తప్పుకుంది. పిట్టకు అక్కడే ఆమెను కావలించుకుని ఏడవాలనిపించింది.

హాల్లో సోఫా నడిమధ్యన ఆఫీసర్ తల్లి కూర్చుని ఉంది. చేతిలో రిమోట్.

"వచ్చావా అమ్మడూ? రా, చూడు. మొటిమ కూడా కనిపిస్తుంది మామ్మగారూ అని అంటగట్టారు. మొటిమ సంగతి దేవుడెరుగు, మొహమే కనిపించట్లేదు. మూతి ఒక చోట, ముక్కు ఒక చోట. ఇవాళ సీరియల్లో ఆ పిల్ల పెళ్ళి. వరుడెవరో ఇవాళే తేలుస్తారు."

"ఐదింటికా మామ్మగారూ?"

"ఐదింటికే. వీధి వీధంతా దానికోసమే కూర్చుంటుంది."

పక్కగదిలోంచి దగ్గు వినబడింది. ఆఫీసర్. ఎప్పుడో పేలుడులో ఆయనకు ఒక చెవి పోయింది, రెండోదీ అంతంతమాత్రమే. అందుకే టీవీ పక్క బల్ల మీది ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే పెట్టి మాట్లాడతారట.

పిట్ట టీవీ మెనూలో సిగ్నల్ పేజీ తెరిచింది. రెండు పచ్చగీతలు వచ్చాయి. పైది సిగ్నల్ బలం, కిందది నాణ్యత. రెండూ నిండుగా ఉన్నాయి. బొమ్మ అద్దంలా ఉంది.

"ఇప్పుడు బానే ఉందే," అని మామ్మగారు నొచ్చుకుంది. "డాక్టరు దగ్గరికెళితే జ్వరం పారిపోయినట్టు."

అంతలో ముత్యం టీ కప్పుతో వచ్చింది. కింది గీత సగానికి పడిపోయింది. తెర మీద మనిషి ముఖం గళ్ళు గళ్ళుగా విడిపోయింది. పై గీత మాత్రం కదల్లేదు.

పిట్ట తెరకు దగ్గరగా వంగింది. బలం ఉండి నాణ్యత పడిందంటే వైరు తప్పు కాదు, యాంటెన్నా తప్పు కాదు. ఇంకో సిగ్నల్ జొరబడుతోంది. ఇదే గదిలో, చేయి చాస్తే అందేంత దగ్గరలో.

ఆమె పద్ధతి ప్రకారం వెళ్ళింది. గోడ దగ్గర వైరు పీకి కొత్తది పెట్టింది. మార్పు లేదు. ఎల్‌ఈడీ దీపాలు ఆర్పింది. లేదు. వైఫై డబ్బా ప్లగ్ తీసింది. లేదు. ఫ్యాన్ ఆపితే మామ్మగారు విసురుకుంటూ సహించింది. గీత పడినచోటే ఉంది.

ముత్యం ఖాళీ కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

గీత నిండింది.

పిట్ట ఆ గీతనే చూస్తూ ఉండిపోయింది. ఇంకేదో కారణం ఉండాలి. ఉండాలి. ముత్యం అక్క కాదు.

చెప్పుల చప్పుడు దగ్గరైంది. గీత మెట్టు మెట్టుగా దిగింది.

"అదుగో," అంది మామ్మగారు. "నువ్వొస్తేనే చెదురుతోందే అమ్మాయ్."

పిట్ట పైప్రాణాలు పైనే పోయాయి. "కనెక్టర్ లూజు మామ్మగారూ. ఎవరు నడిచినా నేల అదిరి..."

"నేను నడిస్తే అదరదా? దానికంటే నేనే బరువు. ఏదీ, అమ్మాయ్, ఒకసారి వరండాలోకి వెళ్ళు. వెళ్ళమ్మా, నష్టమేముంది? ఆఁ, బాగుపడింది. ఇప్పుడు రా. చూశావా? మళ్ళీ రా చెప్తాను, ఈసారి ఆ సంచీ అక్కడ పెట్టి..."

"సంచీలో ఫోన్ ఉంది మామ్మగారూ, దానివల్లేమో," అంది ముత్యం నవ్వుతూ. ఆ నవ్వుతోనే వచ్చి, పిట్ట పక్కన స్టూల్ మీద కూర్చుంది. హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని జిప్పు కొంచెం లాగింది. సందులోంచి తుపాకీ గొట్టం కనబడింది.

మామ్మగారు సౌండ్ పెంచింది. ప్రకటనలు మొదలయ్యాయి.

"చేస్తున్న పని ఆపకు," అని గొణిగింది ముత్యం. "వెనక్కి తిరగకు."

పిట్ట వేలు మీటర్ మీది ఎర్ర మీటను వెతుక్కుని నొక్కింది.

"నొక్కావా? నొక్కుకో. వాళ్ళిద్దరినీ నేనే టీకి పంపాను. సీనియర్‌ని కదా, మాట వింటారు."

"ఎప్పట్నుంచి అక్కా?"

"నీకు పని నేర్పకముందు నుంచే."

"ఫోన్ చేసేది మా అన్నయ్య."

"తెలుసు." ముత్యం చూపు తెరవైపు తిప్పుకుంది. "నిన్ను పంపుతారనుకోలేదు. నోరు మూసుకుని కూర్చుంటే నువ్వూ, ఆ ముసలావిడా బతుకుతారు. మీ అన్నయ్య మాటలు మావాళ్ళు అక్కడ అప్పటికప్పుడు వింటారు. ఆ తర్వాత నా దారి నాది."

ఆమె చెవిలో ముత్యపు దుద్దు. దాని వెనక సన్నటి వైరు పిట్టకు ఇప్పుడు కనబడింది. అవతలివాళ్ళ జవాబు దాంట్లో వినిపిస్తుంది కాబోలు.

టీవీ వెనక పిట్ట చేతులు, పదిసార్లు చేసిన పని కనుక, వాటంతటవే కదులుతున్నాయి. సంచీలోంచి బూస్టర్ డబ్బా తీసింది.

"ఏమిటది?"

"బూస్టర్. సిగ్నల్ పెంచుతుంది. ఏదో ఒకటి పెట్టకపోతే మామ్మగారు అడుగుతారు."

"పెట్టమ్మా, పెట్టు," అంది మామ్మగారు, ఆ ఒక్క ముక్కా చెవిన పడి.

ముత్యానికి కోడ్ తెలుసు, మనుషులు తెలుసు. వైర్లు తెలియవు. బూస్టర్ నుంచి బయటికి రావలసిన సిగ్నల్‌ను తిప్పి మళ్ళీ దాని నోట్లోకే పెడితే ఏమవుతుందో తెలియదు. మైకును స్పీకర్ ఎదురుగా పెట్టినట్టే, అది కీచుమని ఏడవడం మొదలెడుతుంది. యాంటెన్నా వైరు కూడా దానికే తగిలిస్తే ఆ ఏడుపు మేడ మీదినుంచి చుట్టూ ఉన్న ఛానళ్ళన్నిటి మీదా పడుతుంది. ఆ గోలలో ఇంకే ట్రాన్స్‌మిటర్ మాటా ఎవరికీ వినబడదు.

చెమటకు కనెక్టర్ జారి కిందపడింది. తీసింది. మళ్ళీ పడింది.

ఫోన్ మోగింది.

ఆఫీసర్ గదిలోంచి వచ్చి, వాళ్ళవైపు వీపు పెట్టి నిలబడి, స్పీకర్ మీట నొక్కాడు.

"మామయ్యా, నేను."

రెండేళ్ళ తర్వాత విన్న గొంతు. సన్నబడింది. పిట్టకు కళ్ళు మసకలయ్యాయి.

"ఎక్కడున్నావురా?"

"చెప్తాను, రాసుకో. పాత..."

మర తిప్పే సమయం లేదు. పిట్ట కనెక్టర్‌ను వేళ్ళతోనే నొక్కి పట్టుకుంది. తెర నల్లబడి 'సిగ్నల్ లేదు' అని చూపింది. మామ్మగారు గొణుక్కుంటూ రిమోట్ మీటలన్నీ నొక్కసాగింది.

"... ఐస్ ఫ్యాక్టరీ వెనకాల పడవల షెడ్డు. చీకటి పడేదాకే ఇక్కడ ఉండగలను."

ముత్యం ముఖం చిట్లించి దుద్దు లాగి పారేసింది. దాంట్లోంచి కీచురాయి లాంటి కూత వినబడుతోంది. ఆమె పిట్ట చేతివైపు చూసి గొణిగింది.

"చెయ్యి తియ్యి."

పిట్ట తల అడ్డంగా ఊపింది.

"వాడు చెప్పింది నేను విన్నాను. ఒక్క మాట పంపితే చాలు. చెయ్యి తియ్యి. కాలుస్తాను."

"తెలుసక్కా," అంది పిట్ట. వేళ్ళు తిమ్మిరెక్కి తనవి కానట్టున్నాయి. కళ్ళు మూసుకుంది. వేళ్ళు మాత్రం వదల్లేదు.

అప్పుడు వీధి తలుపు దబదబ మోగింది.

"ఎవరండీ లోపల? మా టీవీ ఏం చేశారు?"

"మాదీ పోయింది. తాళి కట్టబోతుండగా పోయింది."

"ఇదుగో రిపేరు వ్యాన్ వీళ్ళింటి ముందే ఉంది. వీళ్ళే చేశారు. తలుపు తియ్యండి."

గడియ వెయ్యని తలుపు తోసుకుని జనం హాల్లోకి వచ్చేశారు. ముందు ఎదురింటి లావుపాటి టీచరమ్మ, వెనక ఆవిడ తోడికోడళ్ళు, పక్కింటి దర్జీ, ఇంట్లో చెప్పులతోనే పరిగెత్తుకొచ్చిన ఇంకెందరో. మామ్మగారు లేచి, "నా టీవీ కూడా పోయిందర్రా, నన్నంటారేం?" అని వాళ్ళకు ఎదురెళ్ళింది.

ఇంతమంది మధ్య తుపాకీ తీయడం అయ్యే పని కాదు. ముత్యం జిప్పు మూసి, వీధిలోకి పోతే చాలన్నట్టు తలుపువైపు దూసుకెళ్ళింది. టీచరమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికమ్మా? నువ్వీ ఇంటి మనిషివేగా. సమాధానం చెప్పి కదులు."

"వదలండి. అర్జెంటు."

"మాకు మాత్రం కాదా?"

ముత్యం పెనుగులాడింది. టీచరమ్మ పట్టు బడిపిల్లల మీద సాధన చేసిన పట్టు. ఆ వెనకే గుంపును తోసుకుంటూ వ్యాన్‌లోని ఇద్దరూ వచ్చారు. టీకొట్టు టీవీ కూడా గుడ్డిదయ్యేసరికి, అది బూస్టర్ ఏడుపని గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చారు. పిట్ట ముత్యం హ్యాండ్‌బ్యాగ్ వైపు గడ్డంతో చూపించింది.

ఇద్దరిలో ఒకడు ముత్యం చేతిలోంచి బ్యాగ్ లాగేసుకున్నాడు. ఆఫీసర్ అప్పుడే ఫోన్ పెట్టి ఇటు తిరిగి, "ఇంతమంది ఎప్పుడొచ్చారు?" అన్నాడు.

వేళ్ళను కనెక్టర్ నుంచి ఒక్కొక్కటిగా విడదీయవలసి వచ్చింది.

---

రెండు రోజుల తర్వాత చీఫ్ గదిలో అన్నయ్య కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసి ఉంది, చొక్కా ఎవరిదో. పిట్ట అతని పక్కనే కుర్చీ వేసుకుని మోచెయ్యి పట్టుకుని కూర్చుంది. చప్రాసీ తలుపు వేస్తే ఉలిక్కిపడింది.

"ముత్యం అన్నీ చెప్పేస్తోంది. ముఠా అంతా దొరికినట్టే," అన్నాడు చీఫ్. "ఇక నీ చెల్లెలి సంగతి. ఒక్క టీవీ బాగుచేసి రమ్మంటే, వీధిలో టీవీలన్నీ చెడగొట్టి వచ్చింది. వరుడెవరో తెలియలేదని ఆ ఇంటికి రెండు రోజులుగా ఫోన్లు. ఏం చెప్పమంటావు?"

అన్నయ్య చెల్లెలివైపు చూసి నిట్టూర్చాడు.

"మా అమ్మనడగండి సార్. ఇంట్లో రేడియో దీని చేతికి అందకుండా అటక మీద పెట్టేది."