నరసింహమూర్తి మారు కార్డు

1972 మార్చి. ఉదయం పది గంటల అయిదు నిమిషాలకు చందానగర్ రోడ్డు మీద నరసింహమూర్తిని కాల్చి చంపారు. రెండు గుళ్లు. రాకెట్ ఇంజన్ల పరీక్షా కేంద్రంలో కంప్యూటర్‌కి కార్డులు పంచ్ చేసేవాడు అతను.

పదిన్నరకి ఏజెంట్ రామ్మోహనరావు ఎలక్ట్రీషియన్ వేషంలో కేంద్రానికి చేరాడు. గేటు దగ్గర ఫోన్లో చీఫ్.

"పదకొండుకి ఇంజన్ ఫుల్ ప్రెషర్‌కి వెళ్తుంది. షెడ్డులో నలభై మంది. మీ తమ్ముడూ ఉన్నాడు."

"ఆపించండి సార్."

"షెడ్డు ఫోన్ లైను కోశారు, పరీక్ష అయ్యేదాకా తలుపులు తెరుచుకోవు. కంప్యూటర్ ఆపితే ఇంజన్‌కి కళ్లెం ఉండదు. ప్రెషర్ లిమిట్ టేపు నుంచి చదువుతుంది. టేపు పలక్కపోతే మారు కార్డు నుంచి తీసుకుంటుంది. రెండూ చూడు. లోపల ఆపరేటర్ కనకలక్ష్మి మన మనిషే."

కంప్యూటర్ రూములో కనకలక్ష్మి. సిల్కు చీర, నల్ల కళ్లజోడు.

"జొన్నరొట్టె దొరుకుతుందా?" అన్నాడతను.

"కారం లేకుంట దొరకది." కోడ్ సరిపోయింది. "టేపు ఖరాబైంది సార్. ఫికర్ చెయ్యకుండ్రి, మారు కార్డున్నది గద."

కార్డు తీశాడు. ప్రెషర్ లిమిట్ నాలుగు వందలు.

"ఇదెవరు కొట్టారు?"

"నరసింహమూర్తి సారే. నిన్న."

మిగతా కార్డులు తిప్పాడు. యాభై ఒకటి. రెండు వందల పదహారు. మూడు వందల ఒకటి. పెళ్లి చదివింపుల్లాగా, ఒక్క సంఖ్య కూడా సున్నతో ముగియలేదు. నరసింహమూర్తి చివర సున్న కొట్టడు.

తలెత్తాడు. ఆమె చేతిలో పిస్తోలు.

"గా కార్డు ఆడ్నే పెట్టు."

"ఎంతిచ్చారేంటి?"

ఆమె కాల్చింది. గుండు ఎడమ భుజంలో దిగింది. అతను జేబులోని ఎలక్ట్రీషియన్ టెస్టర్ తీసి మీట నొక్కాడు. నాలుగంగుళాల బ్లేడు బయటికొచ్చింది. పక్కటెముకల కింద దించి, తిప్పి, లాగాడు. ఆమె ప్రింటర్ మీద పడి, అక్కణ్ణుంచి నేల మీదికి జారింది.

ఆమె సంచిలో అసలు కార్డు దొరికింది, రెండు ముక్కలుగా. నూట పదహారు.

పది యాభై ఏడు. కుడిచేత్తో కొత్త కార్డు కొట్టాడు. రక్తం అంటిన కార్డుని మిషను బయటికి నెట్టింది. చెయ్యి ఆమె కొంగుకి తుడుచుకుని ఇంకొకటి కొట్టాడు. మిషను మింగింది. సెకన్ల ముల్లు పన్నెండు దాటింది. షెడ్డులో ఇంజన్ గర్జించింది. గోడలు అదిరాయి, నిలిచాయి.

పావుగంటకి ఫోన్ మోగింది.

"లైను కలిసింది," అన్నాడు చీఫ్. "మీ తమ్ముడు మండిపడుతున్నాడు. ఇందాకట్నుంచీ ఫోన్ ఎత్తరేం, కంప్యూటర్ రూములో అందరూ నిద్రపోతున్నారా అంటున్నాడు."

రామ్మోహనరావు నేల వైపు చూశాడు.

"అందరూ కాదు, ఒక్కరేనని చెప్పండి."