ఎవరైనా వచ్చి చెయ్యి పట్టుకునేదాకా

చచ్చిపోవడం ఎలాగో నేర్పే డిగ్రీ ఒకటి ఉంటుందని ఐర్లండ్ వచ్చాకే నాకు తెలిసింది.

ఆ డిసెంబర్ శనివారం మధ్యాహ్నం యూనివర్సిటీ పాత థియేటర్లో వెనక వరుసలో కూర్చుని ఉన్నాను. కోటు విప్పలేదు. హీటర్లు వెయ్యరు వాళ్ళు. ఒళ్ళో ఫ్లాస్కూ, పులిహోర డబ్బా. స్టేజీ మీద మా అమ్మాయి జెమీమా గొంతెత్తి పాడి, ఛాతీ పట్టుకుని, మోకాళ్ళ మీదికి వంగి, పక్కకి ఒరిగి చచ్చిపోయింది.

"అగైన్," అన్నాడు డెక్లన్. స్టేజీ మీద ఎలా మసలాలో నేర్పే మాస్టారు. మెడకి మఫ్లరు, చేతిలో ఎప్పుడూ చల్లారిన కాఫీ.

మళ్ళీ చచ్చిపోయింది. మణికట్టు విరగకుండా ఎలా పడాలి, పడ్డాక పొట్ట కదలకుండా ఊపిరెలా తియ్యాలి, పొడుగు గౌను కాళ్ళకి చుట్టుకోకుండా ఎలా నడవాలి. యూనివర్సిటీలో వీటికి మార్కులు కూడా వేస్తారు. నేను కిల్కెన్నీలో నర్సుని. ఇన్నేళ్ళుగా మనుషులు పోవడం చూస్తున్నాను. ఒక్కళ్ళూ పాడుతూ పోలేదు.

చిన్నప్పుడు మా తెలుగు ప్రార్థన కూడికలో అది కీర్తన ఎత్తుకుంటే పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. ఆ గొంతు తీసుకుపోయి ఆపెరా అని ఇటాలియన్ అరుపులకి అప్పజెప్పింది. పోనీ తెలుగు మిగిలిందా అంటే అదీ లేదు. అర్థమవుతుంది, నోటికి రాదు. నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లీషులో జవాబిస్తుంది, అదీ ఇక్కడి యాసలో. తిట్టాను, బతిమాలాను, మోకాళ్ళ మీద ప్రార్థించాను. ఒక్క ముక్క రాలేదు. ఇరవై ఏళ్ళ పిల్లని శనివారం శనివారం నేనే కారులో తెచ్చి, నేనే తీసుకెళ్తాను. మా ఆయన ఏలీయా నవ్వుతాడు. నవ్వనీ. బస్సుల్లో ఎవరెక్కుతారో ఆయనకేం తెలుసు?

"మామ్, ఆర్ యూ దేర్?" స్టేజీ మీంచి జెమీమా అడిగింది. లైట్లు కళ్ళలో పడితే వాళ్ళకి కుర్చీలు కనబడవట.

"ఇక్కడున్నానమ్మా. ఎక్కడికి పోతాను?" అన్నాను.

"ఆకలేస్తోందా?" అని కూడా అరిచాను. దాని స్నేహితులు కిసుక్కుమన్నారు. ఆకలి కూడా వీళ్ళకి నవ్వులాటే.

చివరి పాఠం చీకటి. సీను అవగానే లైట్లన్నీ ఒక్కసారిగా ఆర్పేస్తారు. చచ్చిపోయిన మనిషి లేచి నడిచి వెళ్ళడం జనానికి కనబడకూడదు కదా! నేల మీద చిన్న టేపు ముక్క అంటిస్తారు. దాని మీదే పడాలి, దాని మీదే ఉండాలి. "చీకట్లో మీ అంతట మీరు కదిలితే స్టేజీ ముందు వాద్యాలవాళ్ళు కూర్చునే గోతిలో పడతారు. ఎవరైనా వచ్చి చెయ్యి పట్టుకునేదాకా కదలకండి. ఎంతసేపైనా సరే," అని డెక్లన్ పదే పదే చెప్పాడు. నర్సరీ పిల్లలకి రోడ్డు దాటడం నేర్పినట్టు.

నాలుగున్నరకే బయట చీకటి పడిపోయింది. పిల్లలందరూ వెళ్ళిపోయారు. డెక్లన్ లైట్లార్పి, ఇనప కడ్డీకి తగిలించిన బల్బు ఒకటి ఈడ్చుకొచ్చి స్టేజీ మధ్యలో పెట్టాడు. చుట్టూ తీగల బోను. స్విచ్చి కడ్డీకే ఉంది.

"ఇదెందుకు?" అన్నాను.

"వాళ్ళ కోసం, మార్తా. మనం వెళ్ళాక ఇది వెలుగుతూ ఉండాలి. లేకపోతే తోడు కోసం వెతుక్కుంటారు." కన్ను కొట్టాడు కానీ నవ్వలేదు. ఆఖర్న వెళ్ళేవాళ్ళు తలుపు దగ్గరికి లాగమని చెప్పి, సిగరెట్టు వెలిగించుకుంటూ పక్క తలుపులోంచి వెళ్ళాడు.

చదువుకున్నవాడు! మా తాతగారు బాప్తిస్మం తీసుకున్న రోజే చచ్చినవాళ్ళకి దీపం పెట్టడం మా ఇంట్లో ఆగిపోయింది. సమాధుల పండగకి కొవ్వొత్తులు పట్టుకెళ్ళే మా చుట్టాలనే మొహం మీద మందలించేదాన్ని. అలాంటిది, యూనివర్సిటీలో దెయ్యాలకి బల్బు పెట్టి రమ్మని నా కూతురికి నేర్పిస్తారా?

జెమీమా ఇంకా టేపు మీదే పడుకుని ఉంది. "టూ మినిట్స్, మామ్. ఒన్స్ మోర్."

నేను స్టేజీ ఎక్కాను. "చాల్లే చావడం. ఇంటికి పోదాం పద. వెధవ దీపం, వీళ్ళూ." స్విచ్చి మీద చెయ్యి వేశాను.

అది తలెత్తి చూసింది. "డోంట్. మామ్, ప్లీజ్ డోంట్."

ఇరవై ఏళ్ళు వాక్యం చదివి పెంచిన పిల్ల. కళ్ళలో నిజంగా భయం ఉంది. అదే నాకు మండింది. "ఏమవుతుందో చూద్దాం," అని ఆర్పేశాను.

ఏమీ అవలేదు.

చీకటి. అంతే. పాత వెల్వెట్ తెరల వాసన, దుమ్ము, ఎక్కడో నీళ్ళ గొట్టం చుక్క చుక్క కారుతున్న చప్పుడు.

"చూశావా?" అన్నాను.

"పుట్ ఇట్ బ్యాక్ ఆన్. ఐ కాంట్ మూవ్, మామ్. టేక్ మై హ్యాండ్." గొంతు కుడివైపు నుంచి వచ్చింది.

పాఠం అంత బాగా ఎక్కింది! స్విచ్చి కోసం తడిమాను. కడ్డీ దొరకలేదు. ఒక్క అడుగే కదా వేసింది... ఇంకో అడుగు వేశాను. లేదు. ఫోను కోటు జేబులో లేదు, ఫ్లాస్కు పక్కన కుర్చీలో ఉండిపోయింది.

తెరల వాసన పోయింది. దాని బదులు తడి వాసన. ఏటి ఒడ్డున కుళ్ళిన ఆకుల వాసన. నీళ్ళ చుక్కల చప్పుడు ఆగిపోయింది. గౌను అంచు చెక్కల మీద ఈడ్చుకుంటున్నట్టు... మెల్లగా...

"జెమీ, ఎక్కడున్నావే?"

"ఇక్కడున్నానమ్మా."

ఎడమవైపు నుంచి. చాలా దగ్గర నుంచి. తెలుగులో!

ఆ క్షణంలో నాకు కలిగింది భయం కాదు. గెలిచానన్న సంతోషం. భయమేస్తే కన్నతల్లి భాషే నోటికొస్తుందని నేనెప్పుడూ అంటూనే ఉన్నాను కదా! చెయ్యి చాచాను. చెయ్యి వచ్చి నా చేతిలో పడింది. మంచులా ఉంది. హీటర్లు వెయ్యని వెధవలు, ఎందుకుండదు?

రెండడుగులు వేశామో లేదో, వెనక నుంచి, కుడివైపు నుంచి, గాలి అంత సన్నగా...

"మామ్...? హూ ఆర్ యూ టాకింగ్ టు?"

హాల్లో మాట తిరిగొస్తుందని డెక్లన్ చెప్పాడు. ప్రతిధ్వని, అంతే. నేను వెనక్కి తిరగలేదు. పిల్ల చెయ్యి నా చేతిలోనే ఉంది కదా.

వీధి దీపం కింద చూశాను. జెమీమానే. అదే ముక్కు, అదే జడ, గడ్డం కింద అదే పుట్టుమచ్చ. కారులో కిల్కెన్నీ దాకా నా వైపే చూస్తూ కూర్చుంది.

ఏలీయా మురిసిపోయాడు. వంటగదిలో అల్మారా తెరిచి కప్పులు తీస్తుంటే, "ఆకలేస్తోందా?" అని అడిగిందట ఆయన్ని. "అబ్బో, మీ అమ్మ ప్రార్థన ఫలించిందిరోయ్!" అని నవ్వాడు. ఆదివారం కూడికలో ఆంటీలందరూ దేవుడు చేసిన మేలు గురించి నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. పాడమంటే మాత్రం అది పాడలేదు. నోరు తెరిచి, అలాగే ఉండి, మూసేసింది. చేతులు మాత్రం ఎంతకీ వేడెక్కలేదు. జీపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మూడు నిమిషాలు చూసి, "షీజ్ గ్రాండ్," అన్నాడు, బాగానే ఉందని. వాళ్ళకి శవమైనా గ్రాండే.

డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న మా పెద్దవాడు శామ్ ఫోన్లో దానితో మాట్లాడాడు. తర్వాత నాతో, "అమ్మా, జెమ్‌కి ఇవ్వమంటే నువ్వే మాట్లాడావేంటి?" అన్నాడు.

ఆ రాత్రి వంటగదిలో అది నాకెదురుగా కూర్చుని, కిటికీలోంచి చూస్తూ, "ఇంటికి పోదాం పద," అంది.

"ఇంట్లోనే ఉన్నాం కదమ్మా."

"ఇంటికి పోదాం పద. వెధవ దీపం."

అప్పుడు లెక్క చూసుకున్నాను. ఇన్ని రోజుల్లో అది అన్న ప్రతి మాటా ఆ సాయంత్రం ఆ హాల్లో నేను అన్నదే. ఒక్క మాట ఎక్కువ లేదు.

ఆ రోజు ఒంటి మీదే వచ్చేసిన గౌను తిరిగివ్వాలని చెప్పి థియేటర్‌కి వెళ్ళాను. ఒక్కదాన్నే. అప్పటికి క్రిస్మస్ సెలవులు. డెక్లన్ తలుపు తీసి, నా మొహం చూసి పక్కకి తప్పుకున్నాడు. "ఆ రోజు నేను తిరిగొచ్చేసరికి దీపం ఆరి ఉంది, నేనే మళ్ళీ వెలిగించాను," అన్నాడు. లోపలికి మాత్రం రాలేదు.

స్టేజీ మధ్యలో బల్బు వెలుగుతోంది. హాలంతా ఎముకలు కొరికే చలి. టేపు ముక్క దగ్గర వంగి చెక్కల మీద అరచెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది.

నర్సుకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పేషెంటు అప్పుడే లేచిన పక్క అలాగే ఉంటుంది. నా బిడ్డ అక్కడే ఉంది. చెప్పిన మాట తప్పకుండా, టేపు మీదే, చెయ్యి కోసం చూస్తూ. వెలుగులో కనబడదు, రాలేదు. చీకట్లోనే చెయ్యి పట్టుకోవాలి.

ఈసారి పొరపడను అనుకున్నాను. తెలుగులో పలికితే కాదు. ఇంగ్లీషులో పలికితేనే జెమీ. చల్లగా ఉంటే వదిలెయ్యాలి. వెచ్చగా ఉంటేనే పట్టుకోవాలి. ఆ పిచ్చి మాస్టారు కంటే నా రూల్సే నయం.

కడ్డీని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని ఆర్పాను.

"జెమీ?"

తర్వాత కుడివైపు నుంచి, అదే గొంతు, అదే యాస.

"మామ్."

కడ్డీ వదిలేసి రెండు చేతులూ చాచాను.

"మామ్." ఈసారి ఎడమవైపు నుంచి.

"మామ్." తెరల వెనక నుంచి.

తర్వాత కుర్చీల్లోంచి... ముందు వరుస... వెనక వరుస... నేను కూర్చునే చోటు నుంచి...

ఇన్ని రోజులు అది ఈ చీకట్లో ఆ ఒక్క మాటే పిలుస్తూ ఉండి ఉంటుంది. ఇక్కడున్న వాళ్ళందరూ విని, నేర్చుకుని ఉంటారు.

నా కుడిచేతిలోకి ఒక చెయ్యి వచ్చింది. వెచ్చగా ఉంది.

ఎడమచేతిలోకి ఇంకొకటి వచ్చింది.

అదీ వెచ్చగానే ఉంది.