పదకొండో తూటా

ఆ రోజు పదకొండింటికి తుపాకీ లైసెన్సు తనిఖీకి పోలీసుల తరఫున ఒకావిడ వస్తోంది. నోలీన్ గెడ్డెస్ చీకటుండగానే లేచి, పొయ్యిలో కట్టెలు ఎగదోసి, చీజ్ స్కోన్లకి, అంటే చిన్న రొట్టెలకి, పిండి కలిపి పక్కన పెట్టింది. బయట గడ్డంతా తెల్లగా మంచు పట్టి ఉంది. ఎలాగూ పొయ్యి వేడెక్కాలి కదా, ఈలోపు మొగుడి మాసిన ప్యాంట్లు ఒక వాయి వేసేద్దామని బట్టలుతికే గదిలోకి వెళ్లింది. మర్డో ఒక ప్యాంటు తొడిగాడంటే నెల తిరిగితే గాని విడవడు. అలాంటి మొగుణ్ణి భరించడానికి ఓపిక కావాలి, అది నోలీన్‌కి దండిగా ఉంది.

జేబులు తడుముతుంటే పెన్సిలంత చెక్కపుల్ల ఒకటి చేతికి తగిలింది. చూడగానే అదేమిటో తెలిసిపోయింది.

మా రాన్‌ఫర్లీ వైపు కుందేళ్ల సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కొండల్ని బోడిచేసి పారేస్తాయి. వాటిని కొట్టి బతకడమే మర్డో పని, అంతకుముందు వాళ్ల నాన్న పని. ఆయన వదిలివెళ్లిన రైఫిల్ తప్ప వేరేది ముట్టుకోడు. దాని బారెల్ కింద ఉన్న గొట్టంలో పదిహేను తూటాలు పట్టేవి. చట్టం మారి పదికి మించకూడదనేసరికి చాలామంది తమవి ప్రభుత్వానికి అప్పగించి డబ్బు తీసుకున్నారు. మర్డో మాత్రం తుపాకీలు బాగుచేసే మనిషి దగ్గరికెళ్లి, పదికి మించి పట్టకుండా గొట్టంలో ఓ చెక్కపుల్ల పెట్టించి, అది కదలకుండా అడ్డంగా సీల వేయించుకున్నాడు. అప్పట్నుంచి కొండమీద అతని నోట్లో ఒకటే జపం. ఒకటి, రెండు, మూడు... పది అన్నాడంటే తుపాకీ ఖాళీ.

పోయిన వారం సాయంత్రం జడివానలో ఇంటికొచ్చాడు. పది పేల్చేశాను, ఇంకేముందిలే అనుకుని, గొట్టంలోకి తొంగి చూడకుండా వరండాలో ట్రిగ్గర్ నొక్కాడు. పదకొండో తూటా రేకు గోడలోంచి దూసుకుపోయింది. ఆ గోడకి ఇవతల బట్టలుతికే గది.

“లెక్క తప్పింది నోలీ,” అన్నాడప్పుడు, ముఖం పాలిపోయి. “నువ్వెక్కడున్నావు?”

“కోళ్ల దగ్గర,” అంది నోలీన్.

అది అబద్ధం. ఆ మాట అతను నమ్మాడు. మర్నాడు వరండాలోంచే ఆ చిల్లుకి లప్పం పెట్టి రంగు వేశాడు. ఇద్దరూ మళ్లీ దాని ఊసెత్తలేదు.

లెక్క తప్పలేదని ఇప్పుడు ఈ పుల్ల చెబుతోంది. పుల్ల లేని గొట్టంలో పదికి మించి తూటాలు పట్టాయి. పుల్ల తీసిన సంగతే ఆయనకి గుర్తులేదు. డనీడిన్‌లో నర్సుగా చేస్తున్న కూతురు రోనా నిన్న ఫోన్‌లో మొత్తుకుంది: “అమ్మా, నాన్న నాకు ఒకే కబురు మూడుసార్లు చెప్పారు. రేపు ఆవిడ నిన్ను విడిగా కూర్చోబెట్టి అడుగుతుంది. మీ ఆయన దగ్గర తుపాకీ ఉండటం నీకు సమ్మతమేనా అని. భయపడకుండా నిజం చెప్పు.” చెప్పడం రోనాకి సులువే. లైసెన్సు పోతే మర్డో పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్తాడు, ఏం చేస్తాడు, అది ఎవరికి తెలుసు?

వంటింట్లో మర్డో బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. తనిఖీ అంటే పెళ్లిచూపులంత హడావిడి అతనికి. నోలీన్ ఆ పుల్లని అతని టీ కప్పు పక్కన పెట్టింది.

“ఏమిటిది?”

“నువ్వే చెప్పు. నీ జేబులో దొరికింది.”

దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇది నాది కాదు. నాది తుపాకీలో ఉంది. సీల వేసి ఉంది.”

“వెళ్లి చూసుకో మర్డో.”

“చూసేదేముంది? నేను తీయందే ఎలా వస్తుంది?” అని గొంతు పెంచాడు. “ఓహో. రోనా, నువ్వూ కలిసి పన్నిన పన్నాగమా ఇది? ముసలాణ్ణి కుర్చీలో కూలేసి, ఒళ్లో దుప్పటి కప్పి, చెంచాతో సూపు తాగిద్దామనా?”

“నీ తుపాకీ నేనెప్పుడైనా ముట్టుకున్నానా? ఆ తాళంచెవి ఎక్కడ పెడతావో ఈ రోజుకీ నాకు తెలియదు.”

“తెలియకూడదు. చట్టం.”

“మరి నేనెలా తీశాను?”

మర్డో విసురుగా లేచి వెళ్లాడు. ఇనప బీరువా తెరిచిన చప్పుడైంది. నోలీన్ వెళ్లి చూస్తే, రైఫిల్ ఒళ్లో పెట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు. సీల ఉండాల్సిన చోట ఖాళీ కన్నం ఉంది.

“ఇసక పట్టేసింది,” అన్నాడు మెల్లగా. “స్ప్రింగు పట్టేస్తుంటే కడుగుదామని విప్పాను. అవును. విప్పాను.” తలెత్తాడు. ఆ కళ్లలో భయం చూసి నోలీన్‌కి ఏడుపొచ్చింది. “మళ్లీ పెట్టేస్తాను నోలీ. సీల ఒక్కటి కావాలి. నీ అల్లిక సూది ఇస్తావా? సన్నది.”

కాదనాలి. కాదంటే, ఇంకాసేపట్లో వచ్చే మనిషి పుల్ల లేని తుపాకీని చూస్తుంది. అది ఇంట్లో ఉంచుకోవడమే నేరం. ఆ భయంలో ఏది తప్పో ఏది ఒప్పో ఆలోచించే తీరిక ఆవిడకి దొరకలేదు. స్వెటరు సగంలో ఉండగానే సూది లాగి ఇచ్చింది. అతను పట్టకారుతో ముక్క తుంచి, కన్నంలోకి దించి, అరం పట్టాడు. ఆవిడ టార్చి పట్టుకుంది. అతని చేతులు మాత్రం ఒక్కసారి కూడా వణకలేదు, చేతులకి అన్నీ గుర్తున్నాయి.

ఆఖరిసారి అరం ఆడించేసరికి గేటు దగ్గర కారు ఆగింది.

వచ్చినావిడ పేరు అనహేరా. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. బీరువా గోడకి బిగించి ఉందో లేదో కుదిపి చూసింది. ఉత్తుత్తి తూటాలు గొట్టంలోకి ఒక్కొక్కటే వదిలింది. పది దిగాయి. పదకొండోది అడ్డం తిరిగింది.

“శుభ్రంగా ఉంచారు,” అంది.

“మా నాన్నది,” అన్నాడు మర్డో, ఛాతీ కాస్త పొంగించి.

“సరే. ఇక మీరు ఆ కుక్కని తీసుకుని అలా తిరిగి రండి. నోలీన్‌తో నాలుగు మాటలు మాట్లాడాలి. మీమీద చాడీలు చెప్పించుకోవాలి.”

“నలభై ఏళ్ల చాడీలు. మీకు రాత్రి భోజనం కూడా ఇక్కడే అవుతుంది,” అని నవ్వుతూ వెళ్లాడు. వంటింటి కిటికీ కింద అతను కట్టెలు పేర్చే చప్పుడు మొదలైంది.

అనహేరా స్కోను విరిచి వెన్న రాసుకుంది. “చాలా బాగున్నాయి. నోలీన్, మీ ఆయన దగ్గర తుపాకీ ఉండటం గురించి మీకేమైనా దిగులుందా?”

లేదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. రెండక్షరాలు. అంటే అయిపోతుంది, ఇంకో పదేళ్లు ఎవరూ అడగరు. తన సూది ముక్క ఆ గొట్టంలో ఉంది. ఆ ముక్క మళ్లీ ఎప్పుడో ఊడుతుంది. ఆయనే ఊడదీస్తాడు. అప్పుడు ఆ గదిలో ఎవరుంటారో. రోనా కావచ్చు.

“ఆ సీల పొద్దున నేనిచ్చిన అల్లిక సూది,” అంది నోలీన్. మొదలుపెట్టాక ఆగలేకపోయింది. పుల్ల, జేబు, వాన, గోడ, అన్నీ చెప్పేసింది. “కోళ్ల దగ్గరున్నానని ఆయనకి అబద్ధం చెప్పాను. నేను ఆ గదిలోనే ఉన్నాను. సాక్సు ఒకటి కింద పడితే తీద్దామని వంగాను. లేచి చూస్తే, నా తల ఉండాల్సిన చోట గోడలో చిల్లు.”

అనహేరా నోలీన్ చేతిమీద చెయ్యి వేసింది.

కట్టెల చప్పుడు ఎప్పుడో ఆగిపోయిందని అప్పుడు గమనించారు ఇద్దరూ. మర్డో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అరుస్తాడనుకుంది నోలీన్. అతను అరవలేదు. ఇద్దర్నీ దాటుకుని బట్టలుతికే గదిలోకి నడిచాడు.

కాసేపటికి అక్కణ్ణుంచి పిలుపు వచ్చింది. “నోలీ. ఒకసారి ఇలా రా.”

చిల్లులోని లప్పం గోటితో పొడిచి తీసేశాడు. చిల్లులోంచి సన్నగా ఎండ పడుతోంది. “ఎక్కడ నిలబడ్డావో అక్కడ నిలబడు.”

నిలబడింది. ఆ వెలుగు తిన్నగా ఆవిడ చెవి పక్కన, నెరిసిన జుట్టు మీద పడింది. మర్డో దాన్ని చూశాడు. అవతల వరండాలోంచే ఆ చిల్లుని చూశాడు గాని, ఇవతల నుంచి ఎప్పుడూ చూడలేదు.

“ఏ సాక్సు?” అన్నాడు.

“నీదే. మడమ దగ్గర చిరిగింది. పారేద్దామంటే వద్దన్నావు.”

అతను ఉతికే తొట్టి అంచు పట్టుకుని నేలమీద కూలబడిపోయాడు. భుజాలు కదిలిపోతుంటే నోలీన్ పక్కన కూర్చుని అతని తల దగ్గరికి తీసుకుంది.

“నాకు తెలుస్తూనే ఉంది నోలీ,” అన్నాడు చివరికి. “కుక్క పేరు నోటికి రాదు. బండి ఎక్కడాపానో గుర్తుండదు. కానీ లెక్క పోయిందనుకున్న రోజున మాత్రం... లెక్క పోతే ఇంక నా దగ్గర ఏముంది? ఎవరితో చెప్పుకోను?”

“లెక్క నువ్వు తప్పలేదు,” అంది నోలీన్, కళ్లు తుడుచుకోకుండానే. “పది అన్నావు. పదే పేల్చావు. పుల్ల సంగతే మర్చిపోయావు.”

ఆ మాట అతను ఆవిడ చేత రెండుసార్లు అనిపించుకున్నాడు. తర్వాత లేచి, బెల్టు లోపలి మడతలో దాచిన సన్నటి తాడు లాగాడు. దాని చివర బీరువా తాళంచెవి ఉంది. వంటింట్లోకి వెళ్లి దాన్ని అనహేరా ముందు పెట్టాడు.

“తుపాకీ తీసుకెళ్లండి. డాక్టరు ఏమంటే అదే. మా నాన్నది, కాస్త జాగ్రత్త.”

“స్టేషన్లో నేనే దగ్గరుండి పెట్టిస్తాను,” అంది ఆవిడ. “మిగతా సంగతి తర్వాత చూద్దాం మర్డో. మీరు ఇలా ముందుకు రావడం చిన్న విషయం కాదు.”

కారు గేటు దాటిపోయేదాకా మర్డో వరండాలో నిలబడ్డాడు. లోపలికొచ్చేసరికి నోలీన్ సగంలో వదిలిన స్వెటరు ముందేసుకుని కూర్చుంది. కుట్లు జారిపోయి వేలాడుతున్నాయి.

“సూది లేదు,” అంది.

“రేపు కొంటాను,” అన్నాడు. అంతలోనే, “గుర్తుచెయ్యి,” అన్నాడు.

ఆ మాట అతని నోట విన్నది ఆవిడ అదే మొదటిసారి. తలూపింది. అతను ఎదురుగా కూర్చుని, జారిన కుట్లని ఒక్కొక్కటే తన మొద్దు వేళ్లతో పట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పదకొండు దాటాక కూడా ఆగలేదు.