మూడో గ్లాసులో తడి అట్ట వాసన

నోట్లో పోసుకుని, పుక్కిలించి, మింగకుండా ఉమ్మేస్తే అది తాగినట్టా, తాగనట్టా?

పద్దెనిమిదేళ్లుగా ఈ సందేహం అతన్ని వదల్లేదు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని 'నాలుక' అంటారు. బయటి ప్రపంచానికి అతనొక వైన్ టేస్టర్. భార్యకి మాత్రం ఎగుమతుల ఆఫీసు గుమస్తా. చుక్క కూడా గొంతు దిగనివ్వనని తల్లికి ఆమె ఆఖరి రోజుల్లో మాటిచ్చాడు. ఆ తర్వాత మూడో నెలలోనే డిపార్ట్‌మెంట్ అతనికి ఈ వేషం వేసింది. వేల సీసాలు రుచి చూశాడు. ఒక్క చుక్క మింగలేదు. టేస్టింగ్ ఉన్న ప్రతి ఉదయం దేవుడి ముందు రెండు నిమిషాలు నిలబడి ఇదే ప్రశ్న అడిగేవాడు. దేవుడు ఔననలేదు, కాదనలేదు.

ఆ రోజు ఉదయం ఎనిమిదింటికి చీఫ్ పిలిపించాడు. కిటికీ లేని గది. బల్ల మీద చల్లారిన కాఫీ.

"మన దగ్గర్నుంచి ఒక పేరు బయటికి పొక్కింది," అన్నాడు చీఫ్. "వాళ్ల దేశంలో మనం పెట్టిన మనిషి పేరు. కార్కుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడే, అతనిది."

నాలుక కుర్చీ చేయి పట్టుకున్నాడు. ఆ మనిషి అతని బావమరిది. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. ఈ ఉద్యోగంలోకి లాక్కొచ్చింది తనే.

"ఇవాళ్టి టేస్టింగ్ నోట్స్‌లో ఆ పేరు కోడ్‌గా వెళ్తుంది. పన్నెండు మంది టేస్టర్లు, ఆరు వైన్లు. సరిగ్గా పన్నెండింటికల్లా నోట్స్ అన్నీ టెలెక్స్ మీద నలభై దేశాల వ్యాపారులకి అందుతాయి. అందులో ఒకడు వాళ్ల మనిషి. పన్నెండూ ఐదుకి ఫ్యాక్టరీ గేటు ముందు కారు ఆగుతుంది."

"పన్నెండు మందిలో ఎవరు సార్?"

"తెలీదు."

"కోడ్ ఏమిటి?"

"తెలీదు."

"తెలిసిందేదో చెప్పండి సార్, త్వరగా అయిపోతుంది."

చీఫ్ నవ్వలేదు. "టెలెక్స్ మొత్తం ఆపితే వాళ్లు వేరే దారి చూసుకుంటారు. ఆ ఒక్క కాగితమే ఆగాలి." డ్రాయరు లోంచి ఒక కోటు బొత్తాం తీసి ఇచ్చాడు. "నొక్కితే టెలెక్స్ లైను తొంభై సెకన్లు పడిపోతుంది."

"తొంభయ్యేనా?"

"బడ్జెట్ అంతే. ఉమ్మే గిన్నెలో మైకు కూడా పెట్టాం."

"పోయినసారీ పెట్టారుగా. ఏం వినపడింది?"

"నువ్వు ఉమ్మడం."

నాలుక లేచాడు. "ఈ కబురు ఎవరిచ్చారు?"

"కెంపు."

కెంపు రెండు దేశాల దగ్గరా జీతం తీసుకునే మనిషి. టేస్టింగ్ హాల్లో సీసాలు తెరిచి వడ్డించడం ఆమె పని. నల్ల గౌను, చెవులకి ఎర్ర రాళ్లు. నాలుక మొదటి మిషన్‌లో సరిహద్దు దగ్గర చిక్కిపోతే ఆమే అతన్ని ఖాళీ పీపాలో ఆరు గంటలు దాచి ప్రాణం నిలబెట్టింది. బదులుగా ఒక్కటే అడిగింది. తనతో కలిసి ఒక్క గ్లాసు. ఉమ్మకుండా.

పదింటికి టేస్టింగ్ మొదలైంది. తెల్ల గుడ్డ పరిచిన పొడుగు బల్ల. ఒకరి మొహం ఒకరికి కనబడకుండా మధ్యలో చెక్క పలకలు. మొదటి కుర్చీ మాస్టారిది. నాలుకకి వైన్ రుచి నేర్పింది ఆయనే. తలుపు దగ్గర పది వేళ్లకీ ఉంగరాలున్న ఒక కొనుగోలుదారు నిలబడి కెంపునే చూస్తున్నాడు.

కెంపు అతని వెనక ఆగింది. "మీ గ్లాసు మసగ్గా ఉంది. మార్చనా?"

"తుడిస్తే పోయే మసక కాదులెండి."

గుర్తింపు మాటలు సరిపోయాయి. ఆమె గొంతు తగ్గించింది. "నా బాకీ గుర్తుందా?"

"అమ్మకి మాటిచ్చానని చెప్పాగా."

"పద్దెనిమిదేళ్లుగా అదే పాట. నేనెన్నాళ్లుంటానో ఎవరికి తెలుసు?"

మొదటి గ్లాసు తెల్లది. అప్పుడే కోసిన ఆపిల్, తొలి వాన పడ్డ రాయి. బాగుందని రాశాడు. రెండోది కూడా తెల్లదే. తేనెలా మొదలై, సగం దారిలో మాట తప్పినట్టు పులిసింది. అదీ రాశాడు. ఉమ్మాక నోట్లో రుచి నిలిచిన సెకన్లని 'ముగింపు' కింద వేశాడు. కానీ చేయి రాస్తున్నా బుర్ర ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఉంది. "మా తమ్ముడు ఉత్తరం రాసి నెలైంది, కాస్త కనుక్కోండి" అని పొద్దున బయల్దేరేటప్పుడు భార్య అంది. ఏమని చెప్తాడు?

మూడోది ఎరుపు. పోస్తూ కెంపు అతని వంక ఒక క్షణం ఎక్కువ చూసింది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తడిసిన అట్టపెట్టె వాసన. గాలాడని నేలమాళిగ. కార్కు పాడైన సీసా.

కార్కు పాడైతే ఏం చెయ్యాలో మాస్టారు మొదటి రోజే చెప్పారు. గ్లాసు పక్కన పెట్టు. ఆ వరస ఖాళీగా వదిలెయ్. ఒక్క మాట రాయకు. అతనలాగే చేశాడు. కానీ సీసా తెరవగానే మొదట వాసన చూసేది కెంపే. తెలిసి తెలిసి పాడైన సీసా పన్నెండు మందికీ ఎందుకు పోసింది?

నాలుగోది కొత్త తోలు చెప్పులు. ఐదోది చెక్కిన పెన్సిలు, లవంగం. ఆరోదానికి వచ్చేసరికి నాలుకకే ఏ రుచీ తెలియలేదు.

పదకొండూ యాభైకి కెంపు కాగితాలు పోగుచేసింది. అతని దగ్గరికొచ్చి కట్ట మొత్తం ముందు పెట్టింది. "సంతకం మర్చిపోయారు."

మర్చిపోలేదు. అయినా వెతుకుతున్నట్టు ఒక్కో కాగితం తిప్పాడు. మూడో వరస ఖాళీ. ఖాళీ. మళ్లీ ఖాళీ. అప్పుడు వెలిగింది. ముక్కుతో రాసేవాడు ఆ గ్లాసు దగ్గర ఆగిపోతాడు. ఎవరో రాసిచ్చింది ఎత్తిరాసేవాడు ఆగడు.

అడుగు కాగితంలో మూడో వరస నిండుగా ఉంది. 'నల్ల చెర్రీ, లవంగం, తేనెమైనం. ముగింపు పద్నాలుగు సెకన్లు.' కింద మాస్టారి సంతకం.

కెంపు కట్ట తీసుకుని టెలెక్స్ గదిలో ఇచ్చొచ్చింది. ఉంగరాలాయన ఎదురెళ్లి, "ఇవాళ వడ్డన అద్భుతం," అంటూ ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె మొహం చిట్లించింది. అతను టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

నాలుక మాస్టారి కుర్చీ పక్కన వంగాడు. "మాస్టారూ, మూడో గ్లాసు ఎలా ఉంది?"

"బ్రహ్మాండంరా! ఆ లవంగం చూశావూ?"

"తడి అట్ట వాసన రాలేదా?"

ముసలాయన గ్లాసు తీసి వాసన చూశారు. మళ్లీ చూశారు. దించేశారు.

"మూడేళ్లయిందిరా. జ్వరమొచ్చి తగ్గింది. పోతూ పోతూ ముక్కుని పట్టుకుపోయింది. పొగా తెలీదు, సబ్బూ తెలీదు. బయటికి చెప్తే ఈ కుర్చీలో నన్నెవడు కూర్చోనిస్తాడు? వాళ్లొచ్చి మేం రాసిస్తామన్నారు."

"అందులో ఏముందో తెలుసా?"

"నేనడగలేదు."

"మా బావమరిది ఉన్నాడు."

మాస్టారి చేతిలో పెన్ను బల్ల మీద పడింది. "వాడు నీ పెళ్లిలో నా పక్కనే కూర్చుని తిన్నాడు కదరా..."

అతను అప్పటికే నడుస్తున్నాడు.

టెలెక్స్ గదిలో గడియారం పదకొండూ యాభై ఎనిమిది చూపిస్తోంది. పెద్దవాళ్ల కాగితం చివర పంపడం అక్కడి మర్యాద. ఆపరేటర్ పదకొండోది ముగించి పన్నెండోది అందుకున్నాడు. నాలుక బొత్తాం నొక్కాడు. మెషిన్ టక్కున ఆగింది.

"దీని దుంపతెగ! మళ్లీనా?" ఆపరేటర్ వైరు చూడటానికి బల్ల కిందికి దూరాడు.

తొంభై సెకన్లు. నాలుక కాగితం లాక్కున్నాడు. రెండేళ్లు మాస్టారి నోట్ పుస్తకాలు ఎత్తిరాసిన చేయి అది. ఆయన అక్షరాలు దానికి కంఠతా వచ్చు. ఆరు వరసలూ కొట్టేసి కింద ఆయన దస్తూరీలోనే రాశాడు: 'నాకు వాసన తెలియడం లేదు. నా నోట్స్ రద్దు.'

మాస్టారు మూడేళ్లు దాచిన నిజం పన్నెండు కొట్టేలోపు నలభై దేశాలకి వెళ్లిపోయింది. అతను హాల్లోకి తిరిగొచ్చేసరికి మొదటి కుర్చీ ఖాళీగా ఉంది.

అక్కడి ఫోన్‌లో చీఫ్‌కి చెప్పాడు.

"గేటు దగ్గర కారు ఆగలేదు," అన్నాడు చీఫ్ పన్నెండూ పదికి తిరిగి ఫోన్ చేసి. "ఈ నెలకి బతికాడు."

"వెనక్కి పిలిపించండి సార్."

"సరిహద్దు మూసేశారు. వచ్చే టేస్టింగ్ ఎప్పుడు?"

"వచ్చే నెల ఇరవై మూడున. మన ఆఫీసులో పేరు పొక్కించింది ఎవరు?"

"తెలీదు."

సీసాలు తెరిచే చిన్న గదిలో కెంపు స్టూలు మీద గోడకి ఆనుకుని కూర్చుంది. అరచేయి మధ్య సూది మొనంత ఎర్ర చుక్క. మోచేయి దాకా నల్లబడింది.

"డాక్టర్ని..."

"వద్దు. ఆ ఉంగరంలో విషం సంగతి నాకు తెలుసు. దేశంలోకి తెచ్చిందే నేను." నవ్వబోయింది, కుదర్లేదు. "వాడు ముక్కున్నవాడే. నేను ఏం పోశానో తలుపు దగ్గరే పసిగట్టాడు. మీవాడు?"

"ఉన్నాడు. ఈ నెలకి."

"నయం." పక్కన రెండు గ్లాసులు నింపి ఉన్నాయి. "మంచి సీసాలన్నీ తాళంలో ఉన్నాయి. మూడోదే మిగిలింది."

అతను గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. కళ్లు మూసుకుంటే అమ్మ కనబడింది, కోపంగా లేదు, అలా చూస్తూ ఉంది. గుటక వేశాడు. ఇంకొకటి. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగలేదు.

కెంపు ఒక్క గుక్క మాత్రం తాగింది. "ఎలా ఉంది? పని మాటలొద్దు. మీకెలా ఉందో చెప్పండి."

"అమ్మ పోయాక ఆవిడ ట్రంకు పెట్టె తెరిస్తే అడుగున పరిచిన పాత కాగితం... అదీ వాసన."

"ముగింపు?"

"పొడుగ్గా ఉంది."

"అబద్ధం," అంది కెంపు. "బాకీ తీరింది, పొండి." ఆమె గ్లాసు ఒళ్లోకి ఒరిగింది.

అతను ఆ గ్లాసు తీసి, కడిగి, తుడిచి, అరలో పెట్టాడు. పద్దెనిమిదేళ్ల సందేహానికి ఇక పనిలేదు, ఇది తాగడమే. వేల సీసాల్లో అతని గొంతు దిగింది ఈ ఒక్కటే, అదీ పదకొండు మంది టేస్టర్లు పక్కకు నెట్టేసినది.