మెడ పట్టేసిన లెక్చరర్

‘మాట్లాడేది నాతో, చూసేది గోడనా?’ అని మనసులో మండిపడింది రుబా. పైకి మాత్రం, “చెప్పండి డాక్టర్ సుహైబ్,” అంది నవ్వుతూ.

జోర్డాన్‌లోని ఇర్బిద్‌లో యూనివర్సిటీ ఆన్‌లైన్‌లోకి వెళ్లినప్పటి నుంచీ ఇదే వరస. వంతెనల పాఠం ఇద్దరిదీ. మొదటి సగం సుహైబ్ తన ఆఫీసు గదిలోంచి చెబుతాడు, రెండో సగం రుబా ఇంట్లోంచి చెబుతుంది. విద్యార్థులు ఒక్కరూ కెమెరా పెట్టరు. తెరనిండా నల్లటి గడులు, మధ్యలో ఎవరిదో పిల్లి బొమ్మ. పాపం, ఒంటరిగా అనిపిస్తుందేమోనని సుహైబ్ చెప్పేటప్పుడు కూడా రుబా తన కెమెరా ఆపదు.

ఆ మంచితనానికి ఇదీ ఫలం! పిల్లి బొమ్మ ప్రశ్న అడిగితే కెమెరాలోకి సూటిగా చూసి జవాబిస్తాడు. రుబా నోరు తెరిస్తే చాలు, మొహం పక్కకు తిప్పేస్తాడు. అదీ నవ్వుతూ.

వెనకాల కూర్చుని కూర కోసం కూసా అనే చిన్న సొరకాయల్లోంచి గుజ్జు తోడుతున్న వాళ్లమ్మకు కూడా అది కనబడింది.

“ఆ అబ్బాయికి మెడ పట్టేసిందా ఏమే?”

రుబా గబుక్కున మైకు ఆపింది. “అమ్మా, క్లాసు!”

“పక్కన ఎవతో ఉండుంటుంది. మగాడు ఊరికే గోడను చూసి నవ్వడు.”

ఆ మాట రుబాకు చివుక్కుమంది. సుహైబ్ అంటే ఆమెకు ఇష్టం. యూనివర్సిటీ తెరిచి ఉన్న రోజుల్లో తన గొడుగు ఆమె చేతిలో పెట్టి, తడుస్తూ వెళ్లిపోయిన మనిషి. ఇప్పుడేమో తను అతని కంటికే ఆనడం లేదు. అప్పటిది నిజమా, ఇప్పటిది నిజమా?

తేల్చుకుందామంటే గడువూ లేదు. శుక్రవారం ఆమెను అడగడానికి ఒక పళ్ల డాక్టరు తరఫు పెద్దలు వస్తామన్నారు. వస్తే ఆచారం ప్రకారం ముందర పెట్టిన కాఫీ ముట్టుకోరు, పిల్లనిస్తామన్నాకే తాగుతారు. అంతదాకా వచ్చాక కాదంటే పరువు తక్కువ. రమ్మనాలో వద్దో గురువారం సాయంత్రంలోగా చెప్పెయ్యాలి.

“నాకేం తోచట్లేదమ్మా.”

“తోచకపోతే రమ్మనేస్తా.”

గురువారం పొద్దున కురిసిన వానకు ఇంట్లో నెట్ పోయింది. అప్పటికే సుహైబ్ పాఠం మొదలైంది. రుబా టాక్సీ ఎక్కి, ఫోన్లోనే క్లాసులో చేరింది. అలవాటుగా కెమెరా పెట్టింది.

సుహైబ్ మళ్లీ పక్కకే చూశాడు, ఈసారి కంగారుగా. “వానలో ఎక్కడికండీ?”

“మీ గదికే. మా ఇంట్లో నెట్ లేదు.”

పక్కనున్నదెవరో చూడొచ్చన్న మాట మాత్రం మింగేసింది.

తడిసిన హిజాబు సర్దుకుంటూ తలుపు తోసింది. గదిలో ఇంకెవరూ లేరు. సుహైబ్ ముందు ల్యాప్‌టాప్, దానిమీద కెమెరా. పక్కన గోడవారగా ఒక పెద్ద మానిటర్. దాని నిండా ఒకే ఒక మొహం. వానకు తడిసి, ఫోను పట్టుకుని, నోరు తెరుచుకుని ఉంది. రుబా నోరు మూసింది. మానిటర్లో ఉన్నామె కూడా మూసింది.

“ఇదేంటి?”

సుహైబ్ చెవులు ఎర్రబడ్డాయి. “ల్యాప్‌టాప్‌లో మీరు మరీ చిన్నగా కనిపిస్తారు. అందుకని... ఇటు జరిపాను.”

“మరి నేను మాట్లాడగానే మొహం తిప్పేసేవారుగా?”

“తిప్పెయ్యడమా? మిమ్మల్నే చూసేవాణ్ణి!”

కెమెరా ఇక్కడ, తన బొమ్మ అక్కడ. వంతెనల కోణాలు నేర్పే మనిషికి ఇంత చిన్న కోణం తట్టలేదు!

“డాక్టర్, మైకు ఆన్‌లోనే ఉంది,” అంది ల్యాప్‌టాప్‌లోంచి పిల్లి బొమ్మ. “అయినా మాకెప్పుడో తెలుసులెండి. ఆవిడ నవ్వినప్పుడల్లా మీరు అటు తిరిగి నవ్వేవారుగా!”

నల్లటి గడులన్నీ ఘొల్లున నవ్వాయి. సుహైబ్ తడబడుతూ మైకు ఆపి, మొదటిసారి ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు.

“మా నాన్నని మీ ఇంటికి పంపనా, రుబా?”

ఎటు చూడాలో తోచక రుబా గోడ వైపు చూసింది.

“అటెందుకు?”

“మీరేగా నేర్పారు!” అంది. ఆపైన, “పంపండి,” అంది మెల్లగా.

వరండాలోకి వెళ్లి అమ్మకు ఫోన్ చేసింది. “పళ్ల డాక్టరు వాళ్లను రావద్దను. ఇంకొకరు వస్తారు.”

“ఎవరే? మెడ పట్టేసినవాడా?”

“పట్టెయ్యలేదమ్మా. ఇన్నాళ్లూ గోడంత తెరమీద నన్నే చూస్తున్నాడు.”

అవతల అమ్మ కంగారు పడిపోయింది.

“అయితే వెనకాల నేనూ కనపడ్డానా? ఆ పాత గౌనులో?”

“కనపడ్డావు.”

“అయ్యో నా ఖర్మ! సరే, అది చూశాక కూడా వస్తానన్నాడంటే మంచివాడే. రమ్మను.”