పదిహేడో నంబరు పెట్ట

పదిహేడో నంబరు పెట్ట కుంటుతోంది.

నూకలు చల్లుతున్న గబగబ అనే పిల్ల చెయ్యి ఆగిపోయింది. ఆ పిల్లకు బడిలో వేరే పేరుంది. ఏ పనైనా తోకకు నిప్పంటుకున్నట్టు చేస్తుందని ఇంట్లో అందరూ గబగబ అనే పిలుస్తారు.

పెట్టను ఒడిలోకి తీసుకుని కాలు చూసింది. ఆకుపచ్చ ప్లాస్టిక్ రింగు వాచిన కాలిలోకి దిగిపోయి, సన్నని గీతలా మిగిలింది.

నాన్న కరెంటు పని చేస్తాడు. తీరిక దొరికితే పెరట్లోనే ఉంటాడు. ఎండకు తట్టుకోవాలి, గుడ్లు బాగా పెట్టాలి. అలాంటి కొత్త కోడిజాతిని తయారుచేయాలని ఆయనా, తాతయ్యా ఆరేళ్ల కిందట మొదలుపెట్టారు. బోడిమెడ పుంజుకూ బూడిదరంగు పెట్టకూ జత కలిపారు. పిల్లల్లో మంచివి ఏరి, మళ్లీ జత కలిపారు. కిందటేడు తాతయ్య పోయాడు. ఈ ఏడు నలభైఒక్క పిల్లలు పుట్టాయి. అనుకున్న రంగూ, అనుకున్న మెడా ఒక్క పదిహేడుకే వచ్చాయి.

ఏ పిల్ల ఏ జతదో తెలియడానికి కాళ్లకు నంబరు రింగులు వేస్తారు. కోడి పెరుగుతుంది, రింగు పెరగదు. అందుకే ప్రతి ఆదివారం ఒక్కోదాన్నీ పట్టుకుని, రింగుకూ కాలికీ మధ్య అగ్గిపుల్ల దూరుతుందో లేదో చూడాలి. దూరకపోతే నాన్న పెద్ద రింగు వేస్తాడు. చూసినదానికల్లా నోటుబుక్కులో టిక్కు పెట్టాలి. ఆ పని గబగబది.

రెండు ఆదివారాలుగా గబగబ ఒక్క కోడినీ పట్టుకోలేదు. వీధిలో ఆట మొదలవుతోందని, మెట్ల మీద కూర్చుని నలభైఒక్క టిక్కులూ వరసగా పెట్టేసింది.

"ఏమే, దొంగపిల్లిలా ఆ మూల నక్కావు?" గుమ్మంలోంచి నానమ్మ అడిగింది.

"ఏం లేదు నానమ్మా!"

"ఏం లేకపోతే మొహం అలా పాలిపోయిందేం? ఒరేయ్, ఓసారి ఇలా రా!" అని కొడుకును కేకేసింది.

నాన్న వచ్చి కాలు చూశాడు. మెల్లగా కింద కూర్చున్నాడు.

"మొన్న ఆదివారం చూశావుగా తల్లీ? అగ్గిపుల్ల దూరిందా?"

గబగబ పెట్ట వైపే చూస్తూ, అవునన్నట్టు తల ఊపింది.

"మొన్నటికి వదులుగా ఉందంటే ఇది రింగు వల్ల కాదమ్మా, ఏదో జబ్బు" అన్నాడు నాన్న, నానమ్మతో. మిగతా కోళ్ల వైపు చూశాడు. "అంటుకునేదైతే అన్నీ పోతాయి."

"అయితే ఎలారా?"

"పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తా. ఆయన తీసేయమంటే..." గొంతు తగ్గించాడు. "తీసేయాలి."

తీసేయడమంటే ఏమిటో గబగబకు తెలుసు. ఒడిలో పెట్ట వెచ్చగా వణుకుతోంది. చెబితే నాన్న ఇంకెప్పుడూ తనను నమ్మడేమో. మాట్లాడడేమో. చెప్పకపోతే?

నాన్న ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నాన్నా, నేను చూళ్లేదు!" గబగబ అరిచినంత పని చేసింది. "మొన్నా చూళ్లేదు, అంతకు ముందు వారమూ చూళ్లేదు. ఊరికే టిక్కులు పెట్టా."

నాన్న ఫోన్ కట్ చేసి జేబులో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండునని గబగబకు అనిపించింది. ఆయన పరుగున వెళ్లి, తీగలు కత్తిరించే సన్న కటరు తెచ్చాడు.

"గట్టిగా పట్టుకో. కదలనీకు."

గబగబ కళ్లు మూసుకోలేదు. పెట్ట కీచుమంది. టప్పున రింగు తెగింది. దాని కింద చర్మం ఎర్రగా, పచ్చిగా ఉంది.

"బతుకుతుందా నాన్నా?"

"బతుకుతుంది. కాలు నిలుస్తుందో లేదో పది రోజులైతే గానీ తెలియదు." గాయానికి మందు రాసి లేచాడు. "దా, మిగతావి చూద్దాం."

ఇంకో మూడింటికి రింగులు బిగుసుకుని ఉన్నాయి.

తర్వాతి ఆదివారం వీధిలోంచి పిలుపులు వచ్చాయి. "గబగబా! వస్తున్నావా, కోడిగుడ్లు పొదుగుతున్నావా?"

"మీరాడుకోండి!"

గబగబ ఒక్కో కోడినీ పట్టుకుంది. పుల్ల దూర్చి చూసింది. పదిహేడు ఇంకా కుంటుతూనే ఉంది. కొత్త రింగు దాని రెండో కాలికి ఉంది. ఇరవైతొమ్మిది మాత్రం పెరటి మూల పేర్చిన చెక్కల వెనక దూరి, ఎంత బతిమాలినా బయటికి రాలేదు. గబగబ మోచేతులు గీసుకుపోయాయి.

"అన్నీ చూశావా?" మధ్యాహ్నం నాన్న అడిగాడు.

గబగబ నోటుబుక్కు ఆయన ముందు పెట్టింది.

"లేదు నాన్నా. ఇరవైతొమ్మిది దొరకలేదు. దాన్ని చూళ్లేదు."

నాన్న చెప్పులు వేసుకున్నాడు.

"పద. నువ్వా వైపు, నేనీ వైపు."