నల్లబడిన ఇత్తడి రింగు

ముప్పై ఏళ్లు గేరుబాక్సులతో కుస్తీ పట్టిన మనిషి మీద నింద వేశారే, షెడ్డు పెద్దలారా, మీలో ఒక్కరైనా ఆ నూనె డబ్బా మూత తీసి చూశారా? చూడరు. చేతికి జిడ్డు అంటుతుంది.

మెకానిక్కు భార్య డిటెక్టివ్ ఇంటి గుమ్మంలో నిలబడి సంగతంతా చెప్పింది. నెలలో మూడు వ్యాన్లకు గేర్లు పడక కీచుమన్నాయి. నూనె దించితే అందులో పసుపు రంగు లోహపు పొడి మెరిసింది. కక్షకొద్దీ ఇత్తడి రజను కలిపింది మెకానిక్కేనని మేనేజరు గేటుకు నోటీసు అంటించాడు. రేపటికల్లా నిజం తేలకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఆ మచ్చతో ఇక ఏ షెడ్డూ గడప తొక్కనివ్వదు.

డిటెక్టివూ ఆడమనిషే, ఆమెకు అసిస్టెంటు సొంత మరిదే. వదిన బుర్ర మీద అతనికి గుడ్డి నమ్మకం. షెడ్డుకు వెళ్లగానే ఆమె మెకానిక్కును ఒకటే అడిగింది.

"మిగతా రెండు వ్యాన్లూ బాగానే ఉన్నాయే, వాటికి ఏ నూనె పోశావు?"

"పాత డబ్బాలోదమ్మా. చెడినవాటికి కొత్త డబ్బాలోది. రెండూ గేరుబాక్సుకు పోసే నాలుగో నంబరే, డబ్బా మీది చీటీ చూసే పోశాను. వాసన తేడాగా ఉందంటే, కొత్త సరుకు అంతేలే అన్నారు మేనేజరుగారు."

ఆమె కొత్త డబ్బా మూత తీసింది. గుప్పుమని గంధకం కంపు. డబ్బా నిగనిగలాడుతోంది, దాని మీది చీటీ మాత్రం జిడ్డు పట్టి అంచులు చిరిగి ఉంది. మరిది అది చూశాడు గానీ, దాని అర్థం వదినకే తెలిసింది.

ఆ సాయంత్రం వంటింట్లో రెండు గిన్నెల్లో రెండు నూనెలు పోసి, చెరొక ఇత్తడి రింగూ వేసి, మూడు గంటలు సన్నసెగన కాచారు. ఆ కంపుకు ఆమె మొగుడు వీధిలోకి పారిపోయాడు.

మర్నాడు ఆమె అందర్నీ షెడ్డులో పోగేసి రింగులు బల్ల మీద పెట్టింది. పాత నూనెలోది పసుపు, కొత్త నూనెలోది బొగ్గు.

"రజను ఎవరూ కలపలేదు. గేరుబాక్సులో ఉండే ఈ ఇత్తడి రింగులే అరిగి పొడి అయ్యాయి. ఇవి పట్టు ఇస్తేనే గేరు మెత్తగా పడేది. మీ కొత్త డబ్బాలోది వెనక ఇరుసుకు పోసే ఐదో నంబరు నూనె. అందులోని గంధకం మందు అక్కడి ఉక్కును కాపాడుతుంది, ఇక్కడి ఇత్తడిని తినేస్తుంది."

తడిగుడ్డతో కొత్త డబ్బా మీది చీటీ రుద్ది ఊడదీసింది. అడుగున ఐదో నంబరు బయటపడింది.

మేనేజరు తల దించుకున్నాడు. "నాలుగు కంటే ఐదు పెద్దది, మంచిదే అనుకున్నాను. చెబితే ఇతను ఒప్పుకోడు, చాదస్తం మనిషి. అందుకే ఖాళీ అయిన ఓ పాత డబ్బా చీటీ ఊడదీసి దీనికి అంటించాను."

"పెద్ద నంబరని తమ్ముడికి అన్న చెప్పులు తొడిగితే నడుస్తాడా?" అన్నాడు మరిది.

మెకానిక్కు బోర్లించిన డబ్బా మీద కూలబడి, నెల రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలాడు. "ఇవాళైనా కంటినిండా నిద్రపోండి," అని భార్య నవ్వేసింది.

డిటెక్టివ్ మాత్రం నవ్వలేదు. "మూడు వ్యాన్లలోని నూనె ఇప్పుడే దించండి. కొత్త రింగులు ఇతని చేతే వేయించండి. మేనేజరుగారూ, మీరు నోటీసు అంటించిన గేటుకే, అంతే పెద్ద కాగితం మీద, తప్పు నాదని రాసి అంటించాలి. చీటీకి వాడిన బంక ఇంకా మిగిలే ఉంటుంది, తీయండి."